సీటు పరీక్షలో పోవచ్చు, ఇంట్లో పోకూడదు

మొదటి ఖుత్బా

సమస్త ప్రశంసలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఏమీ తెలియని స్థితిలో తల్లి గర్భం నుండి వెలువడిన మనిషికి వినికిడిని, చూపును, హృదయాన్ని అనుగ్రహించి, కలం పట్టే శక్తిని ప్రసాదించినవాడు ఆయనే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, ఆయన కుటుంబీకుల పైన, సహచరుల పైన శాంతి శుభాలు వర్షించుగాక!

ప్రియమైన ధార్మిక సోదరులారా! ఈ ప్రసంగ పాఠాన్ని ఇళ్లలో చదవబోయే సోదరీమణులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా ముందుగా నాకు నేను, ఆ తరువాత మీకు హితవు చెప్పుకుంటున్నాను.

ఇది పదవ తరగతి పిల్లలకు పరీక్షల కాలం. అంతేకాదు, దరఖాస్తుల కాలం కూడా. గురుకుల జూనియర్ కళాశాలల ప్రవేశ పరీక్షకు ప్రకటన వస్తుంది. వేసవిలో ఫలితాలు వెలువడిన తరువాత ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి దరఖాస్తులు పిలుస్తారు. ఈ రోజుల్లో అసర్ నమాజు ముగిశాక ఎవరో ఒక తండ్రి చేతిలో కాగితం పట్టుకొని నా దగ్గరకు వస్తాడు. "హజరత్, పిల్లవాడు హాస్టల్లో చదువుతానంటున్నాడు, పంపమంటారా?" అని అడుగుతాడు. ఆడపిల్ల తండ్రి అయితే అదే ప్రశ్నను ఇంకా నెమ్మదిగా, అటూ ఇటూ చూసి అడుగుతాడు.

ఈ ప్రశ్నకు నేను ఒకప్పుడు ఇచ్చిన జవాబును ఈ రోజు మీ ముందు ఒప్పుకోదలిచాను. మింబరు మీద నిలబడినవాడు ఇతరుల తప్పులు చెప్పడం సులభం. తన తప్పు చెప్పుకోవడం కష్టం. కాని ఆ తప్పు వల్ల ఒక బిడ్డ హక్కు పోయింది గనుక, మరొక బిడ్డ హక్కు పోకుండా ఉండేందుకు చెబుతున్నాను.

ఇరవై ఏళ్లకు పైబడిన మాట. కర్నూలు పాతబస్తీలో బట్టలు కుట్టే ఒక సోదరుడు నా దగ్గరకు వచ్చాడు. ఆయన కుమార్తె పదవ తరగతిలో మంచి మార్కులతో ఉత్తీర్ణురాలై, ప్రవేశ పరీక్ష రాసి, ఒక గురుకుల కళాశాలలో సీటు సంపాదించింది. వచ్చి చేరమని పంపిన ఉత్తరం ఆయన చేతిలో ఉంది. "హజరత్, ఏం చేయమంటారు?" అన్నాడు. నేను ఆ ఉత్తరాన్ని తీసుకొని చదవలేదు. ఆ కళాశాల ఎక్కడ ఉందో, అక్కడ పిల్లలను చూసుకునేవారు ఎవరో, మన పిల్లలు ఇంకెందరు ఉన్నారో అడగలేదు. "ఆడపిల్ల కదా, అంత దూరం ఎందుకులే భాయీ" అన్నాను. ఆ మాట చెప్పడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు. ఆయన తల వంచి సలాం చేసి వెళ్లిపోయాడు. కొంతకాలానికి ఆ అమ్మాయికి పెళ్లయింది. నేను ఆ సంగతి మరచిపోయాను.

కొంతకాలం క్రితం ఒక సోదరి తన అన్నను, కుమార్తెను వెంటబెట్టుకొని మస్జిదు పక్కనున్న మదరసా గదికి వచ్చింది. తాను ఫలానా దర్జీ గారి కూతురినని చెప్పింది. "హజరత్, నా బిడ్డ పదవ తరగతి. గురుకులానికి దరఖాస్తు పెడుతున్నాం. పంపమంటారా అని అడగడానికి రాలేదు, దుఆ చేయమని అడగడానికి వచ్చాను" అన్నది. ఆమె గొంతులో కోపం లేదు. నేనే తట్టుకోలేక, ఆ రోజు తప్పు చెప్పాను, నన్ను క్షమించు బేటీ, అన్నాను. అప్పుడామె ఇలా అన్నది: "మీరు అన్నీ విచారించి వద్దని ఉంటే నేను బాధపడేదాన్ని కాదు హజరత్. ఏమీ అడక్కుండానే వద్దన్నారు. ఆ ఉత్తరాన్ని చాలా ఏళ్లు దాచుకున్నాను. 2009 వరదలో ఇంట్లో కాగితాలన్నిటితో పాటు అదీ పోయింది."

సోదరులారా! ఆ మాట విన్న నాటి నుండి నాకు నా బాల్యమే గుర్తుకు వస్తున్నది. నేను పన్నెండేళ్ల వయసులో ఒక రేకు పెట్టె, ఒక దుప్పటి తీసుకొని రైలెక్కి, కాట్పాడి స్టేషనులో దిగి, అక్కడి నుండి మదరసాకు వెళ్లాను. ఆ భాష నాకు రాదు. ఆ ఊరు తెలియదు. మొదటి నెల రోజులూ రాత్రిళ్లు దుప్పటి కప్పుకొని ఏడ్చాను. మా అమ్మ చదువుకోలేదు. అయినా మా అబ్బాను ఒప్పించి నన్ను పంపింది. నేను ఈ మింబరు మీద నిలబడింది ఆ హాస్టలు అన్నం తిని, ఆ హాస్టలు దీపం కింద చదువుకొనే కదా! నాకు ధర్మసమ్మతమైన చదువు ప్రయాణం ఆ దర్జీ కూతురికి ఎందుకు ఆలోచించదగినది కూడా కాకుండా పోయింది? ఈ ప్రశ్నకు రేపు అల్లాహ్ ముందు నేను సమాధానం చెప్పుకోవాలి.

చదువు కోసం ఇల్లు విడవడం మన ధర్మంలో కొత్త విషయమా? కాదు. మదీనాలో దైవప్రవక్త (స) మస్జిదును ఆనుకొని సుఫ్ఫా అనే అరుగు ఉండేది. ఇల్లూ వాకిలీ లేని సహచరులు అక్కడే నివసిస్తూ, అక్కడే నేర్చుకునేవారు. హజ్రత్ అబూ హురైరా (రజియల్లాహు అన్హు) వారిలో ఒకరు. వేల హదీసులు మనకు చేరింది ఆకలికి ఓర్చుకొని ఆ అరుగు మీద గడిపిన ఆ విద్యార్థి ద్వారానే. మదీనావాసులు తమ ఇళ్లలోని భోజనాన్ని వారితో పంచుకునేవారు. హజ్రత్ మూసా (అలైహిస్సలామ్) స్వయంగా ప్రవక్త అయి ఉండి, తన దగ్గర లేని జ్ఞానం మరొక దైవదాసుని దగ్గర ఉందని తెలిసి, ఎంత దూరమైనా నడుస్తానని బయలుదేరిన వృత్తాంతం కహఫ్ సూరాలో ఉంది. దాన్ని జుమా రోజున మనలో ఎందరో పారాయణం చేస్తారు.

ఇక ఆడపిల్ల విషయానికి వస్తే, హజ్రత్ మర్యమ్ (అలైహస్సలామ్) వృత్తాంతాన్ని చూడండి. ఆమె తల్లి తన గర్భంలోని శిశువును అల్లాహ్ సేవకు అంకితం చేస్తానని మొక్కుకున్నది. పుట్టింది ఆడబిడ్డ. అయినా ఆ తల్లి తన మొక్కును వెనక్కి తీసుకోలేదు. అల్లాహ్ ఆ బిడ్డను చక్కగా స్వీకరించాడు. ఇల్లు విడిచి ఆరాధనాలయంలో పెరిగే ఆ బిడ్డ సంరక్షణ ఎవరిదో తేల్చడానికి పెద్దలు కలాలు వేసి చీటీ తీశారని, ఆ బాధ్యత హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలామ్)కు దక్కిందని దివ్య ఖుర్‌ఆన్ తెలియజేస్తున్నది. ఆయన ఆ బిడ్డ దగ్గరకు వెళ్లిన ప్రతిసారీ ఏం తింటున్నదో, అది ఎక్కడి నుండి వచ్చిందో అడిగి తెలుసుకునేవారు. ఇందులో మనకు పాఠం ఉంది. ఆడబిడ్డను ఇంటి బయట ఉంచడం నిషిద్ధమని ఆ వృత్తాంతం చెప్పడం లేదు. ఆమెకు నమ్మకమైన సంరక్షకులు ఉండాలని, వారు వెళ్లి చూడాలని, అడగాలని చెబుతున్నది. నేను వదిలేసింది సరిగ్గా ఆ అడగడాన్నే.

సోదరులారా! మన ప్రాంతానికి ఈ గురుకులాలు ఎంత అవసరమో ఆలోచించండి. ఆదోని, కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు వానలు మోసం చేసిన ఏడాది కుటుంబాలకు కుటుంబాలే ఇంటికి తాళం వేసి, పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోతాయి. బడిలో ఉండవలసిన బిడ్డ చేలో ఉంటాడు. లేదా ముసలి నానమ్మతో ఊళ్లో ఉండిపోతాడు. కడప, రాయచోటి, రాజంపేట వైపు వెళితే వలస పేరు కువైట్. తండ్రి అక్కడ డ్రైవరు, కొన్ని ఇళ్లలో తల్లి కూడా అక్కడే ఇంటి పనిలో. బేతంచెర్ల నాపరాళ్ల పనిలో ఉన్నవారికి ఇవాళ ఒక గని, రేపు మరొక గని. అలాంటి ఇంటి బిడ్డకు సంవత్సరమంతా ఒకే చోట మూడు పూటలా అన్నం, పడుకోవడానికి చోటు, రాత్రి చదువు చూసుకునే ఉపాధ్యాయుడు దొరకడం చిన్న విషయం కాదు.

ఈ బడులు ఏర్పడింది కూడా అలాంటి పిల్లల కోసమే. పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్న 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో మొదటి ప్రభుత్వ గురుకుల పాఠశాల మొదలైంది. 1972లో మన రాయలసీమకు అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో, కోస్తాకు తాడికొండలో గురుకులాలు వచ్చాయి. పల్లెల నుండి వచ్చిన పేద పిల్లలు అక్కడ చదువుకొని పెద్ద ఉద్యోగాలకు ఎదిగారు. 1986 జాతీయ విద్యావిధానం తరువాత జిల్లాకొక నవోదయ విద్యాలయం ఏర్పడింది. కర్నూలు జిల్లాకు అది ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలో ఉంది. ఆరవ తరగతిలో చేరలేకపోయిన పిల్లలకు, ఎనిమిదవ తరగతి చదువుతుండగా పరీక్ష రాసి తొమ్మిదిలో చేరే అవకాశం కూడా ఉంది. 2008లో కడప జిల్లా ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. పదవ తరగతి మార్కుల మీద చేర్చుకొని, రెండేళ్ల ఇంటర్ స్థాయి చదువు, నాలుగేళ్ల ఇంజనీరింగు, మొత్తం ఆరేళ్లు అక్కడే ఉంచి చదివిస్తారు. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లల మార్కులకు నాలుగు శాతం కలిపి లెక్కించే పద్ధతి అక్కడ ఉంది. గురుకుల జూనియర్ కళాశాలల ప్రవేశ పరీక్ష పదవ తరగతి పాఠాల మీదే, మూడు సబ్జెక్టులకు కలిపి 150 మార్కులకు జరుగుతుంది. మైనారిటీ పిల్లల కోసం ప్రత్యేకించిన గురుకుల కళాశాలలను కూడా ఆ సంస్థే నడుపుతున్నది. బీసీ వర్గాల పిల్లలకు మహాత్మా జ్యోతిబా ఫూలే గురుకులాలు, ఆడపిల్లలకు కస్తూర్బా గాంధీ విద్యాలయాలు ఉన్నాయి.

ఇవి మనవి కావని, మన పిల్లలు అక్కడ ఇమడలేరని అనుకునేవారికి మన కర్నూలు చరిత్రే సమాధానం చెబుతుంది. అఫ్జలుల్ ఉలమా డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు ఈ ఊరి బిడ్డ. అరబీ విద్వాంసుడు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. మన పిల్లలు డిగ్రీ కోసం ఎక్కడికో పోవలసిన అగత్యం తప్పించడానికి 1947లో ఇక్కడ ఉస్మానియా కళాశాలను నెలకొల్పారు. 2016లో ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. ఒక ఆలిమ్‌ మద్రాసులో కాలేజీని నడిపించారు. అదే ఊరిలోని మరొక ఆలిమ్‌నైన నేను ఒక బిడ్డ ఉత్తరాన్ని చదవను కూడా చదవలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే నాకు సిగ్గు వేస్తుంది.

కనుక సోదరులారా, బిడ్డ దరఖాస్తు కాగితం తెచ్చి మీ ముందు పెట్టినప్పుడు చేయవలసిన పనులు నాలుగు చెబుతాను.

మొదటిది, విచారించడం. ఔననే ముందూ విచారించండి, కాదనే ముందూ విచారించండి. వీలైతే ఒక రోజు కూలి పోయినా సరే, స్వయంగా వెళ్లి చూడండి. రాత్రిపూట పిల్లలతో ఉండేది ఎవరు? ఆడపిల్లల వసతిలో వార్డెను స్త్రీయేనా? జ్వరం వస్తే ఎక్కడికి తీసుకువెళతారు? ఇంటికి ఫోను చేసుకునే రోజు ఏది? నీళ్లు, మరుగుదొడ్లు ఎలా ఉన్నాయి? నమాజు చేసుకోవడానికి చోటు, సమయం ఇస్తారా? రమజానులో సహరీకి వీలు కల్పిస్తారా? మాంసం విషయంలో సందేహం ఉంటే గుడ్డు, కూరగాయలు తినవచ్చునా? ఈ ప్రశ్నలు మర్యాదగా అడిగితే ఏ ప్రిన్సిపాలూ కోపగించుకోడు. నిజం చెప్పాలంటే, అడిగే తల్లిదండ్రులున్న బిడ్డను అక్కడివారు మరింత జాగ్రత్తగా చూస్తారు. విచారించాక మనసు ఒప్పకపోతే వద్దనండి. అప్పుడు ఆ వద్దనడానికి కారణం ఉంటుంది. దాన్ని బిడ్డకు విడమరచి చెప్పగలుగుతారు.

రెండవది, కాగితాలు సకాలంలో సిద్ధం చేయడం. ఒంటెను కట్టి ఆ పైన అల్లాహ్ మీద భారం వేయమని దైవప్రవక్త (స) ఒక పల్లెవాసికి బోధించిన సంగతి మీకు తెలుసు. మన కాలంలో ఆ తాడు ఆధార్ కార్డు, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం. మన ఇళ్లలో ఒక ఇబ్బంది తరచుగా చూస్తున్నాను. బడి రిజిస్టరులో బిడ్డ పేరు ముందు ఎస్ అని ఒక్క అక్షరం ఉంటుంది, ఆధార్‌లో షేక్ అని పూర్తిగా ఉంటుంది. తండ్రి పేరు ఒకచోట మహబూబ్ బాషా, మరొకచోట మాబు. పుట్టిన తేదీ రెండు చోట్ల రెండు రకాలు. గడువు చివరి రోజున ఇవి సరిదిద్దుకోవడం సాధ్యం కాదు. వలస పోయేవారు ఇంటికి తాళం వేసే ముందే సచివాలయానికి వెళ్లి పత్రాలు తీసుకోండి. కువైట్‌లో ఉన్న తండ్రులు ఆ పనిని ఫలానా వారికి అప్పగిస్తున్నామని స్పష్టంగా చెప్పండి. తెలివైన బిడ్డ సీటును ఒక అక్షరం తేడా మింగేయకుండా చూడడం తల్లిదండ్రుల బాధ్యత.

మూడవది, సత్యం పలకడం. ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడవలసి ఉంది, మన్నించండి. 2007 నాటి చట్టం ప్రకారం మన రాష్ట్రంలో బీసీ-ఇ కింద ముస్లిములలోని కొన్ని వెనుకబడిన వర్గాలకు నాలుగు శాతం సీట్లు కేటాయించారు. దూదేకుల, నూర్‌బాషా సోదరులు బీసీ-బి కిందకు వస్తారు. సయ్యద్, పఠాన్, మొగల్ వర్గాలు బీసీ-ఇ జాబితాలో లేవు. అయితే కొందరు బిడ్డ పేరులోంచి ఖాన్ తీసేసి ముందు షేక్ చేర్చి పత్రం సంపాదిస్తున్నారు. తన తండ్రిని కాదని మరొకరికి వారసుడినని చెప్పుకోవడాన్ని దైవప్రవక్త (స) ఎంత తీవ్రంగా ఖండించారో తెలిసినవారు ఈ పని ఎలా చేయగలరు? నాలుగు ఎకరాలు, రెండు దుకాణాలు ఉన్నవారు కూలివాని ఆదాయం చూపిస్తున్నారు. నవోదయ ఆరవ తరగతిలో కనీసం 75 శాతం సీట్లు పల్లె బడుల్లో మూడు, నాలుగు, ఐదు తరగతులు చదివిన పిల్లలకు కేటాయిస్తారు. అందుకని పట్నంలో చదివే బిడ్డ పేరును పల్లె బడి రిజిస్టరులో రాయిస్తున్నారు. దీనికి సంతకం చేయించిపెట్టమని నా దగ్గరకే వచ్చినవారు ఉన్నారు.

అబద్ధపు సాక్ష్యాన్ని దైవప్రవక్త (స) మహాపాపాల సరసన చేర్చి, ఆ మాటను పదే పదే చెప్పారు. మనం దాన్ని కచేరీలో చెప్పే సాక్ష్యమని మాత్రమే అనుకుంటాము. దరఖాస్తు అడుగున, పైన తెలిపినవన్నీ నిజమని సంతకం పెట్టడం సాక్ష్యం కాదా? సీట్లు లెక్కబెట్టి ఉంటాయి. మీరు అబద్ధంతో తీసుకున్న సీటు మరొక బిడ్డది. ఆ బిడ్డ తల్లిదండ్రులు ఆ సమయంలో మిరపచేలో ఎండలో వంగి ఉండవచ్చు. వారికి మీ పేరు తెలియదు, మీమీద ఫిర్యాదు చేయలేరు. కాని పీడితుని మొరకు, అల్లాహ్‌కు మధ్య తెర లేదు. పైగా మొదటి పాఠంగా మీ బిడ్డకు మీరే అబద్ధం నేర్పారు. సీటు ఇప్పిస్తామని డబ్బు అడిగే దళారుల విషయమూ అంతే. ఇచ్చినవారూ దోషులే, తీసుకున్నవారూ దోషులే.

సత్యం పలకడమంటే అతి వినయంతో తనను తాను తక్కువ చేసుకోవడం కాదు. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలామ్) రాజు ముందు నిలబడి, దేశపు ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని అడిగారు. తాను కాపాడగలవాడినని, ఆ పని తెలిసినవాడినని చెప్పారు. అది కూడా ఒక దరఖాస్తే. అందులో అతిశయం లేదు, అసత్యం లేదు, భయమూ లేదు. మన పిల్లలకు ఆ పద్ధతి నేర్పండి. లెక్కలు బాగా వచ్చిన బిడ్డ, నాకు లెక్కలు వచ్చు అని తలెత్తి చెప్పగలగాలి.

నాలుగవది, బిడ్డ మనసు తెలుసుకోవడం. పక్కింటి పిల్లవాడికి సీటు వచ్చిందని మన పిల్లవాడిని బలవంతంగా పంపడం కూడా అన్యాయమే. హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలామ్) దైవాజ్ఞ అందిన తరువాత కూడా, నీ అభిప్రాయమేమిటని కొడుకును అడిగారు. మనం కనీసం హాస్టలు విషయంలోనైనా అడగలేమా? వెళ్లిన తరువాత మొదటి నెల బెంగ ఉంటుంది. అది సహజం. నేనూ ఏడ్చాను. కాని నెలలు గడిచినా తినక, నిద్రపోక కుమిలిపోతున్న బిడ్డను పరువు కోసం అక్కడే వదిలేయకండి. ఎవరైనా కొడుతున్నారని, ఏడిపిస్తున్నారని బిడ్డ చెబితే నమ్మండి, వెళ్లండి. సీటు బిడ్డ కోసం వచ్చింది. బిడ్డ సీటు కోసం పుట్టలేదు.

నేను చెప్పదలిచినది ఇంతే. నా కోసం, మీ కోసం, విశ్వాసులందరి కోసం అల్లాహ్ క్షమాభిక్షను వేడుకుంటున్నాను. మీరూ వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కు స్తోత్రం, ఆయన ప్రవక్తకు సలాం.

సోదరులారా! ఒంటెను కట్టిన తరువాత మిగిలేది అల్లాహ్ నిర్ణయం. పరీక్ష రాసినవారందరికీ సీటు రాదు. సీట్లు తక్కువ, రాసేవారు ఎక్కువ. మేలు చేసే దాని కోసం పాటుపడమని, అల్లాహ్ సహాయం అర్థించమని, చేతులు ముడుచుకోవద్దని దైవప్రవక్త (స) బోధించారు. ఆ పైన ఏదైనా ఎదురైతే, అలా చేసి ఉంటే ఇలా జరిగేది అని కుమిలిపోవద్దని, అది అల్లాహ్ నిర్ణయమని భావించమని కూడా బోధించారు. ఫలితాల రోజున ఇళ్లలో ఈ బోధన మొదటి భాగాన్ని మరచి రెండవ భాగాన్ని మాత్రం చెప్పేవారు ఉన్నారు. ఏ ప్రయత్నమూ చేయక, రాతలో లేదులే అంటారు. మరికొందరు మొదటి భాగాన్ని పట్టుకొని రెండవది వదిలేస్తారు. రాత్రింబవళ్లు చదివిన బిడ్డను, పనికిరానివాడివి అని నలుగురిలో తిడతారు. ఇద్దరూ తప్పే చేస్తున్నారు. జాబితాలో పేరు లేదన్న దుఃఖానికి తోడు తండ్రి నాలుక కూడా తోడైతే లేత మనసు ఎంత దూరం పోతుందో మన చుట్టూ చూస్తూనే ఉన్నాము. అల్లాహ్ కాపాడుగాక! ఆ రోజు బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకొని భోజనం చేయండి. మాటలు రేపటికి ఉంచుకోండి.

సీటు వచ్చిన పిల్లల గురించి ఒక మాట. అక్కడ మీతో ఒకే గదిలో వేర్వేరు మతాల, కులాల పిల్లలు ఉంటారు. వారికి మీ నమాజు కంటే ముందు మీ నడవడి కనిపిస్తుంది. మీ మంచం శుభ్రంగా ఉంచుకోండి. పక్కవాడి సబ్బు, పుస్తకం అడక్కుండా తీసుకోకండి. జ్వరం వచ్చినవాడికి అన్నం పళ్లెం తెచ్చి ఇవ్వండి. ఇస్లాం గురించి మీరు ఇచ్చే మొదటి ప్రసంగం అదే.

ఇక మస్జిదు తరఫున ఒక విన్నపం. మన జమాఅతులో డిగ్రీ చదివిన యువకులు ఉన్నారు. దరఖాస్తుల కాలంలో ప్రతి ఆదివారం మగ్రిబ్ తరువాత ఇద్దరు ముగ్గురు మదరసా గదిలో కూర్చోండి. పత్రాల్లో పేర్లు సరిపోయాయో లేదో చూసిపెట్టండి. ఫారాలు ఉచితంగా నింపిపెట్టండి. వలస పోయిన ఇళ్ల పిల్లల జాబితా మన దగ్గర ఉండాలి. పరీక్ష రోజున వారిని కేంద్రానికి తీసుకువెళ్లడానికి ఎవరిదో ఒకరి ఆటో సిద్ధంగా ఉండాలి. సుఫ్ఫావారికి మదీనా ప్రజలు అన్నం పెట్టారు. మనల్ని అన్నం కూడా అడగడం లేదు, ఒక సాయంత్రం అడుగుతున్నారు.

చివరగా ఆ సోదరి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ బిడ్డ పరీక్ష రాయకముందే నేను, ఆమె మేనమామ కలిసి వెళ్లి ఆ కళాశాలను చూసి వచ్చాము. ఇరవై ఏళ్ల క్రితం అడగని ప్రశ్నలన్నీ ఆ రోజు అడిగాను. కాగితాలన్నీ సరిగా సిద్ధం చేశారు. ఉన్నది ఉన్నట్టు రాశారు. బిడ్డ బాగా చదివింది. ఫలితాలు వచ్చాయి. ఆమెకు సీటు రాలేదు. ఆ తల్లి వచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు. ఆమే నన్ను ఓదార్చింది. "బాధపడకండి హజరత్. బిడ్డ ఒక రాత్రి ఏడ్చింది, తెల్లారి లేచి ఊళ్లో ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఫారం తెమ్మన్నది. దాని సీటు పరీక్షలో పోయింది, నాలాగా ఇంట్లో పోలేదు" అన్నది.

సోదరులారా! పరీక్షలో పోయిన సీటుకు లెక్క అడిగేవారు ఎవరూ లేరు. ఇంట్లో పోగొట్టిన సీటుకు లెక్క అడుగుతారు. తండ్రిని అడుగుతారు, పెద్దలను అడుగుతారు, అడక్కుండానే వద్దన్న ఇమామును అందరి కంటే ముందు అడుగుతారు.

ఓ అల్లాహ్! మా పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించు. పరీక్ష రాసే మా బిడ్డల మనసులకు నెమ్మదిని, కలాలకు నిజాయితీని ఇవ్వు. ఇల్లు విడిచి చదువుకునేవారిని నీ సంరక్షణలో ఉంచు. దూర దేశాల్లో, దూరపు చేలల్లో కష్టపడే వారి తల్లిదండ్రుల శ్రమను స్వీకరించు. సీటు రానివారికి అంతకంటే మేలైన దారి చూపు. మేము తెలియక మూసిన తలుపులకు గాను మమ్మల్ని క్షమించు. ఇక మీదట ఏ బిడ్డ తలుపునూ విచారించకుండా మూయనివ్వకు. ఆమీన్.

అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.